ర్యాంకిన్ అమ్మగారి ఎన్నికలును, మా పెద్దత్తగారి తొమ్మిది ఓట్లును



2019వ సంవత్సరపు వేసవిలో మా అమ్మాయి పురిటికని నేను అమెరికా పోయి, వర్జీనియా రాష్ట్రములో ఆఱు నెలలుంటిని. మనుమడు పుట్టిన రెండవ నెలలో ఒక శనివారమునాడు, నేను ఇల్లు కదలక విసిగియుందునని కాబోలు, అల్లుడు మమ్ముల నందఱిని కారులో ఎక్కించుకొని వాషింగ్టను నగరము చూపుటకు తీసికొనిపోయెను. అచ్చటి చట్టసభల భవనములో రాష్ట్రమునకు రెండు చొప్పున పెద్ద పెద్ద విగ్రహములున్నవి. చూచినంత దూరము పురుషులే కానవచ్చిరి. నడచి నడచి మోకాళ్లు నొచ్చి నేనొక స్త్రీ విగ్రహముకడ నిలిచిపోయితిని. కంచు విగ్రహము. క్రింద పీఠముపై అక్షరములు చెక్కియుండగా, ఏమి వ్రాసిరని అమ్మాయి నడిగితిని.

"'యుద్ధానికి నేను ఓటు వేయలేను' అని ఉందమ్మా. ఈవిడ పేరు జెనెట్ ర్యాంకిన్. అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ఆడమనిషి."

"వేయలేనన్నందుకు విగ్రహం పెట్టారా?"

"ముందు ఓడించారు. తరువాత పెట్టారు" అని అమ్మాయి నవ్వెను.

నాకు నవ్వు రాలేదు. ఆ మాట వినగానే మా ఊరిలోనున్న మా పెద్దత్తగారు కన్నులయెదుట నిలిచిరి. ఎందుకో తరువాత చెప్పెదను.

ఆ వారములోనే అమ్మాయి గ్రంథాలయమునుండి ఆ అమ్మగారి చరిత్రము తెచ్చిపెట్టెను. నా ఇంగ్లీషు పదవ తరగతి ఇంగ్లీషు. పసివాడు ఒడిలో నిద్రించుచుండగా నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, తెలియనిచోట అమ్మాయి నడుగుచు, నెల దినములలో దానిని ముగించితిని. చదివినకొలది, గెలుపోటములను గుఱించి మన యిండ్లలో చెప్పుకొను మాటలు ఎంత తొందరపాటు మాటలో నాకు తెలిసివచ్చెను.

ముందుగా ఒక మాట. ఆ దేశపు పార్లమెంటునకే కాంగ్రెసని పేరు. మన కాంగ్రెసు పార్టీకిని దానికిని సంబంధము లేదు. ఈ సంగతి నాకును అచ్చటికి పోయిన పిదపనే తెలిసెను. అందు ప్రతినిధుల సభ యొకటి, సెనేటు ఒకటి. ర్యాంకిన్ అమ్మగారు గెలిచినది ప్రతినిధుల సభకు. 1916వ సంవత్సరము నవంబరు 7వ తేదీన. అప్పటి కింకను ఆ దేశములో స్త్రీల కందఱకును ఓటు లేదు. అది 1920లో గాని రాలేదు. మన చెన్నరాజధానిలో, ఆస్తిగల కొందఱు స్త్రీలకే యైనను, 1921లో ఓటు వచ్చినదని తలంచినచో, వారు మనకంటె ఎంతో ముందున్నారని అనుకొన పనిలేదు.

ఆమె పుట్టినది 1880లో, మోంటానా రాష్ట్రములోని మిసూలా పట్టణమున కనతిదూరములో. ఆ రాష్ట్రము కొండలు, గనులు, పశువుల మేతబీళ్లు గల ప్రదేశము. విశాలములో విడిపోకముందటి మన ఆంధ్రప్రదేశముకంటె పెద్దది. 1910 జనగణనలో అచ్చటి జనము మాత్రము 3,76,053. తండ్రికి పశువులును కలప వ్యాపారమును గలవు. తల్లి పెండ్లికి ముందు బడిపంతులమ్మ. ఇంటికి పెద్దకూతురు గనుక చెల్లెండ్రను తమ్ముని సాకుట, పొలములో పనులు చూచుట చిన్ననాటినుండియు ఆమెకు అలవాటయ్యెను. 1902లో పట్టపరీక్ష నిచ్చి, కుట్టుపని నేర్చి, పిమ్మట పేదలకు సేవచేయు విద్య నభ్యసించి, తుదకు స్త్రీల ఓటుహక్కు ఉద్యమములో దిగెను. 1911లో మోంటానా శాసనసభలో నిలిచి ఓటు కావలెనని మాటలాడెను. అచ్చట స్త్రీ మాటలాడుట అదే మొదలు. మూడేండ్లు ఊరూర తిరుగగా, 1914లో ఆ రాష్ట్రపు పురుషులు 41,302 మంది ఔననియు, 37,588 మంది కాదనియు ఓటు చేసిరి. స్త్రీలకు ఓటు వచ్చెను. ఐతే ఆ నేలకు మొదటి హక్కుదారులైన ఆదివాసులలో పెక్కుమందికి 1924 వఱకు పౌరసత్వమే లేకపోయెనని మఱువరాదు.

ఇంక 1916 ఎన్నిక. ఆమె ఎట్లు గెలిచెనని యడిగినచో, "మంచి మనిషి, స్త్రీలందఱును వేసిరి" అని ఒక్కమాటలో చెప్పివేయుదుము. అంతమాత్రము కాదు. ఆ కాలమున మోంటానాకు ప్రతినిధుల సభలో రెండు స్థానములు. రాష్ట్రమును రెండు ముక్కలు చేయక, రాష్ట్రమంతటికిని కలిపియే ఎన్నిక జరిపెడివారు. కావున ఒక్కొక్క ఓటరునకు రెండేసి ఓట్లు. ఇందులోని కిటుకు ఇల్లు నడపు మనకు సులభముగా తెలియును. ఒక ఓటు తన పార్టీవానికో, తన యూరివానికో, తనకు మేలు చేసినవానికో వేసికొని, మిగిలిన రెండవ దానిని తన మనస్సునకు నచ్చినవారికి వేయవచ్చును. మొహమాటము తీరును, మనస్సును తీరును. ఆమె రిపబ్లికను పార్టీ తరపున నిలిచినను, పార్టీ మాట తక్కువగాను, స్త్రీల ఓటు, బిడ్డల క్షేమము, మద్యనిషేధము మున్నగువాని మాట ఎక్కువగాను చెప్పుచు తిరిగెను.

రెండవ సంగతి ఆమె తమ్ముడు. వెల్లింగ్టన్ అను పేరుగల ఆతడు న్యాయవాది. ఎన్నిక ఖర్చు చాలవఱకు భరించి, వ్యవహారమంతయు నడపెను. వెనుక నిలువగల తోబుట్టువు ఉండుట, ఆతనికి డబ్బుండుట కూడ గెలుపులో భాగమే. దీనిని చరిత్రకారులు దాచలేదు, నేనును దాచను.

మూడవది స్త్రీలు. ఓటుహక్కు ఉద్యమములో ఆమెతో తిరిగిన స్త్రీలు ఊరూర నుండిరి. వారు చేతితో కార్డులు వ్రాసి ఇరుగుపొరుగు స్త్రీలకు పంపిరి. టెలిఫోనున్న ఇండ్లకు ఎన్నికనాడు ఫోను చేసి, "శుభోదయము, మీరు జెనెట్ ర్యాంకినుకు ఓటు వేసినారా?" అని యడిగిరి. పేరంటమునకు పిలిచినట్లు పిలిచిరన్నమాట! ఈ ఘట్టము చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమింతంత కాదు.

నాలుగవది కాలము. ఐరోపాలో యుద్ధము జరుగుచుండెను. అమెరికను యువకులు అందు పోరాదని మోంటానా ప్రజలు కోరుచుండిరి. ఆ యేడే, మనలను యుద్ధములోనికి దింపలేదని పేరుపడిన విల్సనుగారికే ఆ రాష్ట్రము ఓటు వేసెను. ఆయన ఆమెకు ఎదుటిపార్టీ వారు. ఆయనకు వేసిన చేతులే రెండవ ఓటు ఆమెకు వేసినవి.

ఓట్ల లెక్క తెములుటకు చాల దినములు పట్టెను. కొండప్రాంతముల పెట్టెలు ఆలస్యముగా వచ్చినవి. ముందు ఆమె యోడిపోయెనని పత్రికలవారు చెప్పిరి. లెక్క పూర్తికాగా, డెమోక్రాటు అభ్యర్థియైన ఎవాన్సు మొదటివాడుగాను, ఆమె ఇంచుమించు 7,600 ఓట్ల వెనుకబాటుతో రెండవదిగాను నిలిచిరి. మూడవవానికంటె ఆమెకు 6,000 ఓట్లెక్కువ. ఆమె పార్టీవాడే యైన రెండవ అభ్యర్థి ఓడిపోయెను. ఇది చూచినచో ఆమెను గెలిపించినది పార్టీ కాదని తెల్లమగుచున్నది. మఱునాటినుండి పత్రికలు చేసినపని వినుడు: ఆమె జుట్టు ఏ వన్నెయో, బట్టలు తానే కుట్టుకొనునా, నిమ్మపండు రసముతో తీపి వంటకము బాగుగా చేయగలదా అని వ్రాసినవి. ఎవాన్సుగారికి వంట వచ్చునో రాదో ఎవరు నడిగినట్లు లేదు.

ఇంతలో ఆమె సభలో ప్రవేశించినది మొదలు నాలుగు దినములకే యుద్ధతీర్మానము వచ్చెను. 1917 ఏప్రిలు 6వ తేదీ వేకువను ఓటు జరిగెను. "మగవాని ఓటు వేయుము" అని తమ్ముడు బతిమాలెను. అనగా యుద్ధమునకు ఔననుమని. స్త్రీ కాదన్నచో స్త్రీల ఓటుహక్కు ఉద్యమమునకు చెఱుపు కలుగునని ఉద్యమములోని పెద్దలే కొందఱు భయపడిరి. మొదటిసారి పేరు పిలిచినప్పుడామె పలుకలేదు. రెండవసారి పిలువగా లేచి, తన దేశమునకు తోడుగా నిలువవలెనని తనకున్నను, యుద్ధమునకు మాత్రము ఓటు వేయజాలనని చెప్పెను. తీర్మానమునకు 373 మంది ఔననిరి, 50 మంది కాదనిరి. ఆమె వెక్కి వెక్కి ఏడ్చెనని పత్రికలు వ్రాసినవి. నిజమునకు ఆనాడు కన్నీరు పెట్టుకొన్నవారిలో సభానాయకుడగు కిచిన్‌గారొకరు. పురుషుని కన్నీటికి శీర్షిక లేదు.

1918లో ఆమె ఓడిపోయెను. ఏల యని యడిగినచో అందఱు చెప్పు సమాధాన మొకటే: "యుద్ధమునకు కాదన్నది గనుక." నేనును పుస్తకము సగమువఱకు అట్లే యనుకొంటిని. పిమ్మట లెక్క చూచితిని. ఆనాడు కాదన్న యేబదిమందిలో నలువదితొమ్మండుగురు పురుషులు. వారిలో పలువురు మఱల గెలిచిరి. కిచిన్‌గారు 1923లో చనిపోవు వఱకు సభలోనే యుండిరి. అదియును గాక, అదే యేడు డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీపై యుద్ధమనగా ఆమె ఔననే ఓటు వేసెను. కాబట్టి "కాదన్నందుకే" యనుట సగము నిజమే.

మిగిలిన సగము బ్యూటు పట్టణమున నున్నది. అది రాగిగనుల ఊరు. 1917 జూను 8వ తేదీ రాత్రి అచ్చటి స్పెక్యులేటరు గనిలో నిప్పంటుకొని 168 మంది పనివారు మరణించిరి. మిగిలినవారు సమ్మెకట్టిరి. ఆమె అచ్చటికి పోయి పనివారి పక్షమున మాటలాడెను. గనులను ప్రభుత్వము స్వాధీనము చేసికొనవలెనని సభలో కోరెను. ఆ గనులపై పెత్తనము అనకొండా అను రాగి కంపెనీది. ఆ కంపెనీకి మోంటానా పత్రికలలో పెక్కింటిపై పట్టుండెను. ఒక యూరిలో షావుకారునకు కోపము వచ్చినచో ఏమగునో మనము చూచినవారమే. అచ్చట రాష్ట్రమంతయు అట్టి యూరే.

అన్నిటికంటె గట్టిదెబ్బ ఒక గీత. మోంటానా శాసనసభ రాష్ట్రమును పడమర, తూర్పు అని రెండు నియోజకవర్గములుగా చీల్చెను. ఇక ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. మొహమాటపు ఓటు పోగా మిగులు రెండవ ఓటు మాయమయ్యెను! ఆమె ఇల్లున్న పడమటి భాగములో డెమోక్రాట్లదే బలము. అచ్చట నిలిచిన గెలువనని ఆమె రాష్ట్రమంతటి ఓటుగల సెనేటు స్థానమునకు నిలిచెను. తన పార్టీలో జరిగిన తొలి ఎన్నికలోనే లాన్‌స్ట్రమ్ అను వైద్యుని చేతిలో ఓడెను. తక్కువైనది రెండువేల లోపు ఓట్లు. పట్టు విడువక చిన్నపార్టీ తరపున మఱల నిలిచి, అయిదవవంతు ఓట్లు తెచ్చుకొని మూడవస్థానమున నిలిచెను. ఆమె మారలేదు. ఓట్లు లెక్కించు పద్ధతి మారెను, కోపించినవారు పెరిగిరి, భయపడినవారు ఊరకుండిరి.

"భయపడినవారు ఊరకుండిరి" అని వ్రాయుట సులభము. ఇక నా సంగతి చెప్పవలెను.

మాది కృష్ణా డెల్టాలోని పల్లె. 1995లో జరిగిన పంచాయతీ ఎన్నికలలో స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయింపగా మా వార్డు స్త్రీలకు వచ్చెను. మా మామగారి అన్నగారి భార్య, మా పెద్దత్తగారు, వార్డు మెంబరుగా నిలిచిరి. ఆమెకు వైధవ్యము ప్రాప్తించి అప్పటికి పదేండ్లు. రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. నేను 1991లో కాపురమునకు వచ్చినది మొదలు నాకు తల్లివలె నుండిరి. 1993లో మా అమ్మాయి పుట్టినప్పుడు పురిటి స్నానములు, కాయము, పసిదానికి నలుగుపెట్టి నీళ్లుపోయుట అంతయు ఆమెయే. అమెరికాలో నా మనుమనికి కాళ్లపై పరుండబెట్టి నీళ్లు పోసినప్పుడెల్ల నా చేతులు ఆమె చేతులవలెనే కదలుచుండెను.

ఆమె నిలిచినది మంచినీటి చెరువు కొఱకు. ఊరి పెద్దలు ఆ చెరువును చేపల పెంపకమునకు పాట పెట్టదలచిరి. కోళ్ల పెంటయు, ఇంకేమేమో చేపలకు మేతగా పడవేయుదురు. ఆ నీళ్లే మేము బిందెలతో తెచ్చుకొని, చిల్లగింజ అరగదీసి తేర్చి త్రాగవలెను. పంచాయతీ అరుగుపై పదిమంది మగవారు కూర్చుండగా ఆమె పోయి, "ఊరి ఆడవాళ్లం ఒప్పుకోము" అని చెప్పి వచ్చిరి. ఆ మాట చెప్పినందుకే ఆమె ఓడిపోయిరని ఇరువదియైదేండ్లుగా ఊరిలో చెప్పుకొందురు. నేనును ఆ మాటే చెప్పుచు వచ్చితిని.

ఓటుకు ముందు రాత్రి మా మామగారు భోజనము చేసి చేయి కడుగుకొనుచు, "మనింటి ఓట్లు అవతలివాళ్లకే. మాటిచ్చాను" అనిరి. ఎదుటి అభ్యర్థి భర్త సొసైటీలో మా అప్పునకు హామీ యుండెను. ఆ యేడు పంట మునిగినది. అప్పు తిరగ వ్రాయించవలసి యుండెను. మామగారు చెడ్డవారు కారు. వదినగారన్న ఆయనకు గౌరవమే. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని నే నెఱుగుదును. మఱునాడు బడిలో, అట్టముక్క చాటున, కాగితము చేతబట్టుకొని ఎంతసేపు నిలిచితినో చెప్పలేను. లోపల నన్ను చూచువారెవ్వరును లేరు. మామగారు లేరు, మావారు లేరు. ఐనను చెప్పిన గుర్తుపైననే ముద్ర వేసితిని. బయటికి రాగా పెద్దత్తగారు వేపచెట్టు క్రింద నిలిచి, "పిల్లది ఏడుస్తోందే, నేను ఎత్తుకున్నాను, నిదానంగా రా" అనిరి. మా అమ్మాయి ఆమె భుజముపై నుండెను.

ఆమెకు 94, ఎదుటివారికి 103. తొమ్మిది ఓట్లు తక్కువ. చెరువు పాట జరిగెను. చేపలు వచ్చినవి. ఇప్పుడు మా ఊరివారు ఇరువది లీటర్ల డబ్బాలతో నీళ్లు కొనుచున్నారు.

వర్జీనియాలో ఆ పుస్తకము చేతబట్టుకొని నేను చేసిన లెక్క యిది. తొమ్మిది ఓట్ల తేడా యనగా తొమ్మండుగురు కాదు. అయిదుగురు చేయి ఇటునుండి అటు మార్చినచో 99కి 98 అగును, ఆమె గెలిచెడివారు. అయిదుగురు! మా ఇంటిలోనే నాలుగు ఓట్లు. చెరువు మాట చెప్పినందుకు కోపగించి వేయనివారు ఊరిలో ఎందఱో నాకు తెలియదు. ఆ మాటకు లోలోపల చేతులెత్తి మ్రొక్కి, బయట మఱొకరికి ముద్ర వేసిన ఒకతె మాత్రము నాకు తెలియును. మోంటానాలో ఆ రెండువేల లోపు ఓట్లలో నావంటివారి వెన్ని యుండునో అని రాత్రులు తలంచుచుంటిని. మాకును రెండేసి ఓట్లుండిన, ఒకటి అప్పునకు, ఒకటి ఆమెకు వేసియుందునేమో! ఇది సాకు అని నాకు తెలియును; ఐనను వ్రాయుచున్నాను.

ఆ అమ్మగారి మిగిలిన కథ త్వరగా చెప్పెదను. ఆమె నిరాశపడి ఇంట కూర్చుండలేదు. స్త్రీలకొఱకును శాంతికొఱకును ఇరువదియేండ్లకు పైగా పనిచేసి, 1940లో అరువదియవ యేట అదే పడమటి నియోజకవర్గమునుండి మఱల నిలిచెను. ఏ గీత ఆమెను వెళ్లగొట్టెనో ఆ గీతలోపలనే యన్నమాట. ఉన్నత పాఠశాలలకు పోయి పిల్లలతో మాటలాడెను; పిల్లలు ఇంటికి పోయి తల్లిదండ్రులకు చెప్పిరి. మఱల యుద్ధభయము కమ్మియుండెను, మఱల తమ్ముడు తోడుగా నిలిచెను. నూటికి 54 వంతుల ఓట్లతో గెలిచెను. 1941 డిసెంబరు 8వ తేదీన, జపాను వారు బాంబులు వేసిన మఱునాడు, యుద్ధతీర్మానమునకు 388 మంది ఔననిరి. కాదన్నది ఆమె యొక్కతెయే. ఈసారి తోడు ఒక్కరు లేరు. జనము మూగగా ఆమె టెలిఫోను గదిలో దూరి తలుపు వేసికొనెను. పోలీసులు వచ్చి ఆమెను కచేరీగదికి చేర్చిరి. మోంటానా అంతయు నీకు ప్రతికూలమని తమ్ముడు తెలియజేసెను. 1942లో ఆమె నిలువలేదు. ఈసారి లెక్క కట్టుటకు ఓట్లే లేవు.

పిమ్మట ఆమె గాంధీమహాత్ముని మార్గము తెలిసికొనుటకు 1946 మొదలు 1971 వఱకు ఏడుమారులు మన దేశమునకు వచ్చెను. 1968 జనవరిలో ఎనుబదియేడేండ్ల వయస్సున, వియత్నాము యుద్ధము వలదని వేలకొలది స్త్రీలతో వాషింగ్టనులో నడచెను. 1973లో మరణించెను. 1985లో ఆ విగ్రహము నిలిపిరి. 2024 ఎన్నికల వఱకు చూచినను, మోంటానానుండి కాంగ్రెసునకు ఎన్నికైన స్త్రీ ఆమె తప్ప మఱొకతె లేదు.

2019 చివర నేను ఊరికి తిరిగివచ్చితిని. పెద్దత్తగారికి అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. చూపు తగ్గినది గాని చెవి, మాట బాగున్నవి. మనుమని ఫొటోలు చూపుచు, విగ్రహముకడ అల్లుడు తీసిన ఫొటో వచ్చినప్పుడు ఆ అమ్మగారి కథ మొదలుపెట్టితిని. రెండు ఓట్ల సంగతి వినగానే ఆమె ఫక్కున నవ్వి, "అదేదో మనకూ ఉంటే బాగుండేదే!" అనిరి. గీత గీసిన సంగతి చెప్పితిని. రెండువేల లోపు ఓట్లతో పోయినదని చెప్పితిని. చెప్పుచు చెప్పుచు నా గొంతు పూడుకొనిపోయెను.

"అత్తయ్యా, ఆనాడు నేను మీకు వేయలేదు" అంటిని.

ఆమె వెంటనే పలుకలేదు. ఒడిలోనున్న చిక్కుడుకాయలు ఈనె తీయుట మానలేదు. వీధిలో నీళ్లడబ్బాల ఆటో పోయెను.

"అయిదుగురే కదే తేడా" అనిరి తుదకు. "నలుగురెవరో నాకు ఆ సాయంత్రమే తెలుసు. మీ మామగారు చెప్పేశాడు, వచ్చి ఏడ్చాడు కూడా. మీ ఇంట్లో నాలుగూ అటే పడ్డాయన్నాడు. నీది కాదులే, వాడికి తెలియక అన్నాడులే అనుకున్నాను."

నాకు మాట రాలేదు.

"ఇంతకీ ఆ అమెరికా ఆవిడ, ఓడిపోయాక మళ్లీ నిలబడిందా?"

"నిలబడ్డారు అత్తయ్యా. ఇరవైరెండేళ్ల తరవాత."

"గెలిచిందా?"

"గెలిచారు."

"ఆ అద్దాలు ఇలా అందుకో" అని ఆమె చిక్కుడుకాయల చేట ప్రక్కకు జరిపిరి. "సరిగ్గా చూడలేదు ఆ ఫొటో."